బోర్లా అతికిన మానిఫోల్డు

మా ఆయన మెకానిక్కు. ధర్మవరంలో, ముదిగుబ్బకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మాటలు తక్కువ మనిషి అంటే జనం మంచివాడనుకుంటారు. అంత మంచితనంతో ఒక ఇంట్లో కాపురం చేసి చూడాలి. అన్నం పెట్టమంటావా అంటే ‘ఊ’, చాలా అంటే ‘ఊ’, కూరలో ఉప్పెక్కువైందా అని అడిగినా అదే ‘ఊ’. పెళ్ళైన కొత్తలో దీనికి ఏడ్చాను. తర్వాత తిట్టాను. ఆ తర్వాత రెండూ మానేశాను. గోడతో పోట్లాడి గెలిచినవాళ్ళు ఎవరూ లేరు.

నాకు పిచ్చెక్కకుండా ఉందంటే అది మా మామ వల్ల. ఆయన పట్టుచీరలు నేసేవాడు. ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే నేను ఎదురుగా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా మాటలే. ఏ వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఏ షావుకారు చీరకు ఏ వంక పెట్టాడు, మా అత్త బతికున్న రోజుల్లో ఏ కూరకు ఎంత తిట్టేది, అన్నీ. ఆయన చెప్పడం, నేను అడ్డం తిరగడం. మామాకోడళ్ళు ఇట్లా ఇకఇకలాడుకోవడం ఏమిటని పక్కింటామె మూతి తిప్పేది. తిప్పుకుంటే ఆమె మూతే నొప్పి పెడుతుంది, నాకేం పోయింది.

మోకాళ్ళు పట్టేసి ఆయన గుంటలోకి దిగలేకపోయాక మగ్గం అమ్మేశాం. గుంట పూడ్చి సిమెంటు చేయించాం. అప్పటినుంచి మామ అరుగు మీద కూర్చునేవాడు. నేను చెనక్కాయలు చాటలో పోసి తెస్తే ఇద్దరం వొలుస్తూ మాట్లాడుకునేవాళ్ళం. మాటలు తగ్గలేదు కానీ అన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే వచ్చేవి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి అనేవాడు. మన ఇంట్లో కరిగేటంత కొండలు ఎక్కడున్నాయి మామా అని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వేవాడు, మళ్ళీ అదే మాట ఎత్తుకునేవాడు.

అట్లాంటప్పుడు సోమందేపల్లె నుంచి కబురొచ్చింది. ఒకప్పుడు మామ ఎవరికి చీరలు నేసిచ్చేవాడో ఆ షావుకారు అక్కడ పవర్లూము షెడ్డు పెట్టుకున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కావాలి, గది ఇస్తాం, తిండి పెడతాం, ఇప్పుడున్నవాడి మీద గురి లేదు, నమ్మకమైన మనిషి కావాలి అన్నాడట. మామ మొహం వెలిగిపోయింది. అమావాస్య దాటినాక పోతానన్నాడు. ఆయన పోతే ఇంకేముంది. ఆ ఇంట్లో నేనూ ఒక ‘ఊ’ మిగులుతాం.

అడగకుండా ఊరుకున్నానా అంటే లేదు. పోవద్దు మామా అని ఆ రోజే అన్నాను. ఆయన చెనక్కాయ పగలగొడుతూ నా వైపు చూడకుండానే చెప్పాడు.

“నువ్వంటావులేమ్మా. కోడలు ఆ మాట అనకపోతే బాగుంటాదా? అనల్ల కాబట్టి అన్నావు. కొడుకు అనల్ల.”

అంతే, నా మాటకు విలువ అంతే. ఇన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి కూడా, సమయం వచ్చేసరికి నన్ను మర్యాదల లెక్కలో వేసేశాడు. కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదని కూడా తెలుసు. మా వైపు కోడలు ఉండమంటే అది మర్యాద, కొడుకు ఉండమంటే అది అవసరం. అందుకని మా ఆయన వెంటబడ్డాను. మీ నాయనను ఉండమను, నీ నోటితో ఒక్కమాట అను, చాలు అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ, “ఆయప్పకు తెల్దా?” అన్నాడు. ఆయన లెక్కన అది పెద్ద ఉపన్యాసం.

సరిగ్గా అప్పుడే మా అన్న జీపు షెడ్డుకొచ్చింది. వచ్చింది అంటే ట్రాక్టరు లాక్కొచ్చింది. మా అన్నది ముదిగుబ్బ పక్కన పల్లె. గొర్రెలున్నాయి, వానొస్తే చెనక్కాయ వేస్తాడు, వాన రాని ఏడు జీపును బాడుగకు తిప్పుతాడు. అంటే దాదాపు ప్రతి ఏడూ జీపే. దాని ఇంజను పొగ కక్కీ కక్కీ చచ్చింది. హైవే మీద ఆక్సిడెంటైన ఒక వ్యాను ఇంజను పాత సామాన్లమ్మే గుజిరీలో దొరికితే కొనుక్కొచ్చి, దీన్ని జీపులో కూర్చోబెట్టు బావా అన్నాడు. ఆర్టీవో ఆఫీసు కాగితాల సంగతి నేను చూసుకుంటా, నువ్వు బండిని కదిలించు చాలు అన్నాడు.

వ్యాను ఇంజను జీపులో కూర్చోవడానికి ఒప్పుకుంది కానీ బానెట్టు మూత పడలేదు. కారణం మానిఫోల్డు. ఇన్నాళ్ళు మెకానిక్కు పెళ్ళాంగా ఉన్నాను కాబట్టి ఇది నాకు తెలుసు. ఇంజనులో నాలుగు సిలిండర్లుంటాయి. బయటి గాలి ఒక మూతిలోంచి వచ్చి, నాలుగు గొట్టాలుగా చీలి, ఆ నాలుగింట్లోకీ పోవాలి. ఆ మూతీ గొట్టాలూ కలిపితే మానిఫోల్డు. వ్యానులో దాని మూతి పైకి లేచి ఉంటుంది, అక్కడ చోటుంది. జీపులో లేదు. పైగా ఆక్సిడెంటులో అది పగిలి కూడా ఉంది. ఇంజనుకు ఆనుకునే పట్టీతో సహా కొత్తది కట్టాలి. ఒక అల్యూమినియం ప్లేటు కోసి, దానికి ఇంజను మీదున్న బోల్టులకు సరిగ్గా బెజ్జాలు పెట్టి, నాలుగు గొట్టాలు అతికి, వాటిని పక్కకు వంచి, చివర ఒక డబ్బా పెట్టి దాని మూతిని జీపు ముందు వైపుకు తిప్పాలి. ఆర్గాన్ వెల్డింగు మా ఆయనకు బాగా వచ్చు. ప్లేటుకు కొలత తీయడమే అసలు పని, వెంట్రుకవాసి తేడా వచ్చినా గాలి లీకవుతుంది.

ఆ కొలత పని మా ఆయన వాళ్ళ నాయనకు ఇచ్చాడు. నోటితో చెప్పలేదు. ఒక పొద్దున ఆయన్ను స్కూటరు మీద ఎక్కించుకుపోయి, ఇంజను ముందు స్టూలు వేసి, కత్తెర చేతికిచ్చాడు. సాయంత్రం మామ ఇంటికొచ్చి ఈ సంగతంతా నాకు చెప్తుంటే నాకు అర్థమైంది. ఉండమని అడగడం రాక పని చేతిలో పెట్టాడు. నోరు పెగలనివాళ్ళకు ఇట్లాంటి తిప్పలుంటాయి. మామకు కూడా అర్థమయ్యే ఉంటుంది. ఆ రెండు రోజులూ ఆయన సోమందేపల్లె ఊసెత్తలేదు. షెడ్డులో ఏం చేశాడో చెప్పీ చెప్పీ, అన్నం చల్లారిపోతోందని నేను కసిరితే అప్పుడు తినేవాడు.

ఆయన చేసింది ఇది. మగ్గం అమ్మేటప్పుడు పాత డిజైను అట్టలు కొన్ని మిగిలాయి. జకార్డు మీద చీర అంచుకు పువ్వులు వేయడానికి బెజ్జాలు కొట్టి వాడే గట్టి అట్టలు. వాటిలో బెజ్జాలు లేనిది ఒకటి తీసుకున్నాడు. పొడవూ వెడల్పూ ఆ పనికి చేసినట్టే సరిపోయింది. ఇంజను మీద ప్లేటు కూర్చునే చోట గ్రీసు రాసి, దానిమీద అట్ట పెట్టి అరచేత్తో నొక్కాడు. నాలుగు రంధ్రాలూ, బోల్టుల గుర్తులూ అట్ట మీద అచ్చుపడ్డాయి. వాటిని పంచితో ఎంత శుభ్రంగా కొట్టాడంటే, మా ఆయన అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి ‘బాగుంది’ అన్నాడట. ‘ఊ’ కాదు, ‘బాగుంది’. మామ ఆ మాట నాతో ఎన్నిసార్లు చెప్పాడో.

తర్వాత అట్టను అల్యూమినియం ప్లేటు మీద పరిచి గీత గీశాడు. గొట్టాలు ఏ వైపు అతకాలో తెలియడానికి ప్లేటు మీద ఒక పక్క మేకుతో ‘మొ’ అని గీకాడు. మొగం అని. ఇది పై మొగం, గొట్టాలు ఈ పక్కకు రావాలి అని గుర్తు. మా ఆయన ఆ గుర్తును చూసి బెజ్జాలు వేశాడు, గొట్టాలు అతికాడు, డబ్బా అతికాడు. అంతా అయ్యాక ఎత్తి ఇంజను దగ్గర పెడితే గొట్టాలు ఇంజను లోపలికి చూస్తున్నాయి. తిప్పి పెడితే బోల్టులు కలవవు. ఒక కొసన బోల్టు పైకుంటే ఇంకో కొసన కిందికుంది, ఎట్లా తిప్పినా ఒకటి సరిపోతే ఒకటి సరిపోదు. అయ్యవారిని చేయబోతే కోతి అయింది.

ఇట్లాంటి తప్పు మగ్గం మీద బతికినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. మా ఇంట్లో మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది. నేసేవాడికి కనిపించేది వీపు, చీర మొగం కిందికుంటుంది. బతుకంతా ఆయన తన కళ్ళెదురుగా ఉన్నదాన్ని వెనక అనీ, కనపడకుండా కిందున్నదాన్ని ముందు అనీ అనుకుంటూనే నేశాడు. అట్టను ఇంజనుకు నొక్కినప్పుడు కూడా అంతే. తన వైపున్నది వీపు, గ్రీసు అంటిన లోపలి వైపు మొగం. మామూలు మనిషెవడైనా తన వైపున్నదే బయటి పక్క అనుకుంటాడు. మరి మా ఆయన ఎందుకు సరిచూసుకోలేదంటే, నాయన గీసిన గుర్తును సరిచూస్తే నమ్మనట్టవుతుందని. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆలోచించి అల్యూమినియాన్ని నాశనం చేశారు.

ఆ పొద్దు నేను షెడ్డుకు అన్నం క్యారియరు తీసుకుపోయాను. అప్పటికే మా అన్న వచ్చి ఉన్నాడు, బండి ఎంతవరకొచ్చిందో చూద్దామని. తలకిందులైన మానిఫోల్డును చూసి వాడికి చిర్రెత్తుకొచ్చింది. గొర్రెల సంతకు పక్కూరివాళ్ళు వేరే బండి మాట్లాడుకుంటున్నారు, ఇంకో వారం అయితే నా బాడుగలన్నీ పోతాయి, కొలత తీసిన మొనగాడెవడు అని గట్టిగా అడిగాడు. మామ మూలన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నోరు తెరవబోయాడు.

“నేనే తప్పు గీసినా,” అన్నాడు మా ఆయన.

ఎప్పుడూ కదలని నోరు, ఆ ఒక్క అబద్ధానికి టక్కున కదిలింది. మా అన్న గొణుక్కుంటూ పోయాడు. నాకైతే మా ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగింది, దాచుకోవడం ఎందుకు. తండ్రిని బయటివాడి ముందు తలదించుకోనివ్వలేదు అనుకున్నాను. మామ వైపు చూసి నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు.

ఆ పూట మామ అన్నం ముట్టుకోలేదు. నేను బతిమాలాను, తర్వాత కేకలేశాను. అప్పుడు చెప్పాడు.

“మగ్గం పాయె. ఇంగ నాకంటూ మిగిలింది ఏముండాది? నా తప్పు గూడా నాది కాకుండా చేసినాడమ్మా.”

అప్పుడుగానీ నాకు వెలగలేదు. నేతపనిలో మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఎవరి చేతిలో పోగు తప్పితే వాళ్ళే దాన్ని విప్పాలి. కొడుకు తప్పు తండ్రి విప్పడు, తండ్రి తప్పు కొడుకు విప్పడు. విప్పితే ఆ మనిషికి పని రాదని నలుగురిలో చెప్పినట్టు. మా పెళ్ళైన కొత్తలో నేను కండెల్లో రంగు మార్చి చుట్టేస్తే మామ ఒక్కమాట అనకుండా కండెల బుట్ట నా ముందుకు జరిపి, నేను మళ్ళీ చుట్టేదాకా మగ్గం ఆపుకుని కూర్చున్నాడు. అదే గౌరవం. మా ఆయన తండ్రి పరువు కాపాడాననుకుని, ఇక ఈయన లెక్కలో లేని ముసలాయన అని తేల్చేశాడు. పాపం, ఆయనకు ఆ ఆలోచనే లేదు. ఉంటే మాత్రం ఏం, నోరు విప్పి చెప్పి ఉండేవాడా?

మర్నాడు మామ రెండు పనులు చేశాడు. పొద్దున్నే పక్కింటి ఫోను నుంచి సోమందేపల్లె షావుకారుకు ఫోను చేసి, పాత వాచ్‌మన్‌ను పంపించెయ్యి, నేను వస్తున్నానని మాట ఇచ్చాడు. తర్వాత కుంటుకుంటూ షెడ్డుకు నడిచిపోయాడు. మానిఫోల్డును వైసులో బిగించి, ఆక్సా బ్లేడు తీసుకుని, అతికిన గొట్టాలను ప్లేటు నుంచి కోయడం మొదలుపెట్టాడు. మా ఆయన మిషనుతో కోస్తానని దగ్గరికి పోతే చేత్తోనే దూరం జరగమన్నాడట. ఈసారి మా ఆయనకు అర్థమైంది. జరిగి నిలబడ్డాడు.

ఆ పని ఎంత నిదానమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. నాలుగు గొట్టాలూ కోశాక ప్లేటు మీద వెల్డింగు గడ్డలు మిగిలాయి. ఇప్పుడు ప్లేటును తిప్పాలి కాబట్టి ఆ గడ్డలున్న పక్కే ఇంజనుకు ఆనాలి, నున్నగా ఉండాలి. మామ ఆకురాయితో రుద్దాడు. తర్వాత పాత అద్దం ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీద గరుకు కాగితం పరిచి, ప్లేటును అటూ ఇటూ నెట్టాడు. ఆగి చూడటం, మళ్ళీ నెట్టడం. నేను ఆ రోజుల్లో క్యారియరు ఇచ్చి వెంటనే వెనక్కి రాకుండా అక్కడే కూర్చునేదాన్ని. మా ఆయన గొట్టాలు సరిచేస్తుండేవాడు. ఇద్దరూ ఒక్కమాట అనుకోరు. నాకు మాత్రం ఆ షెడ్డు ఒకప్పటి మా ముందు గదిలాగే అనిపించింది. ఇక పోడులే అనుకున్నాను. పనిలో పడ్డ మనిషి ఎక్కడికి పోతాడు అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

మా ఆయన గొట్టాలను రెండో పక్కన మళ్ళీ అతికాక ప్లేటు ఇంజను మీద కూర్చుంది. బోల్టులన్నీ వేలితో తిప్పితేనే దిగాయి. బానెట్టు మూత పడింది. స్టార్టు చేస్తే ఇంజను ఊగలేదు, ఉస్సుమని సందుల్లోంచి గాలి పీల్చే చప్పుడు లేదు. మామ మానిఫోల్డు చుట్టూ సబ్బునీళ్ళు పూసి చూశాడు. ఒక్క నీటిబుడగ కదల్లేదు. మా ఆయన వాళ్ళ నాయన వైపు చూశాడు. ఇప్పుడైనా అంటాడని నేను చూశాను. ‘బండికోసం బావ వచ్చేలోగా ట్రయలు చూడల్ల’ అన్నాడు. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది.

ట్రయలు ఎట్లాగూ ఎక్కడికో ఒకచోటికి పోవాలి గదా, సోమందేపల్లెకే పోదాం పదండి అన్నాడు మామ. అమావాస్య దాటింది. ఆయన మూట ముందే కట్టి ఉంది. నేను కూడా ఎక్కాను. వెనక సీట్లో కూర్చుని దారిపొడవునా మా ఆయన వీపు కేసి చూస్తూ, అడుగు, ఇప్పుడు అడుగు అని మనసులో పొడుస్తూనే ఉన్నాను. పెనుకొండ దాటాం. హైవే మీద బండి బాగా పోతోంది. మామ కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ, ఈసారి కూడా చెనక్కాయ పోయినట్టే అన్నాడు. మా ఆయన ‘ఊ’ అన్నాడు.

పవర్లూము గేటు ముందు బండి ఆగింది. లోపలి మగ్గాల చప్పుడు రోడ్డు దాకా వస్తోంది. మామ మూట తీసుకుని దిగాడు. నాకు జాగ్రత్తలు చెప్పాడు, పక్కింటామెతో గొడవ పడొద్దన్నాడు. గేటు వైపు తిరిగాడు. అప్పుడు మా ఆయన ఇంజను ఆపకుండానే దిగి, ఆయన వెనకాల పోయి మూటను పట్టుకున్నాడు.

“పోవద్దు నాయనా. నువ్వు ల్యాకపోతే నాకు చేతులాడవు.”

మామ మూట వదల్లేదు. కొడుకు వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను.

“ఈ మాట ఇంటికాడ అనింటే ఉందును గదప్పా,” అన్నాడు. “నన్ను నమ్మి ఆ షావుకారు పాత మనిషిని పంపేసినాడు. ఇంగ ఎట్ల తిరిగొచ్చేది?”

మూట విడిపించుకుని లోపలికి పోయాడు. మా ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ రోడ్డు మీదే, లారీలు పోతుండగా, ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇన్నేళ్ళుగా దాచుకున్నవన్నీ తిట్టాను. ఆయన తల వంచుకుని విన్నాడు. తర్వాత బండెక్కాం. జీపును మా అన్న మర్నాడు తీసుకుపోయాడు. ఇప్పటికీ సంతలకు తిరుగుతోంది, మానిఫోల్డుకు మళ్ళీ చెయ్యి పెట్టాల్సిన పని రాలేదు.

మా ఆయన వాళ్ళ నాయనకు ఒక సెల్లు కొనిచ్చాడు. ఇప్పుడు సాయంత్రం షెడ్డు మూసి రాగానే అరుగు మీద కూర్చుని ఫోను చేస్తాడు. ఎంతసేపో. ఏ బండి వచ్చింది, ఏ బోల్టు రాలేదు, ప్లేటుకు అట్ట ఎట్లా కోయాలి, అన్నీ అడుగుతాడు. అవతల ఆయన ఏదో అంటాడు, ఈయన పగలబడి నవ్వుతాడు. మా ఆయన నవ్వు అంత పెద్దగా ఉంటుందని నాకు తెలియదు. ఒక ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాట్లాడుకోని మనుషులు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. మంచిదే, నాకు సంతోషమే. ఫోను పెట్టేశాక ఆయన లోపలికొచ్చి అన్నానికి కూర్చుంటాడు. ఏం చెప్పాడు మామ అని అడుగుతాను.

‘ఊ’ అంటాడు.

ఒక్కోసారి మాటల మధ్యలో మామ నా గురించి అడుగుతాడు. అమ్మాయి యాడ అంటాడు కాబోలు, మా ఆయన నా వైపు చూడకుండానే ‘ఈడే ఉండాది’ అంటాడు. తర్వాత మళ్ళీ బండ్ల సంగతిలో పడతారు. నేను చాటలో చెనక్కాయలు వొలుస్తూ అక్కడే కూర్చుని ఉంటాను.